పదిహేను పాయింట్ రెండు

మంగళవారం ఉదయం ఏడుంబావుకి ఇంట్లోంచి బయటపడాలి, ఎవరి కంటా పడకుండా చిన్న గొట్టంలో పట్టేంత రక్తం ఇచ్చేయాలి, పదిన్నరకల్లా ఏమీ ఎరగనట్టు ఆఫీసు కుర్చీలో కూర్చోవాలి. ఇదీ తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ వేసుకున్న పథకం. పథకంలో లోపం లేదు. లోపమల్లా వేసుకున్న మనిషిలోనే ఉంది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన ఎవరి కంటా పడకుండా ఎక్కడికైనా వెళ్ళిన దాఖలా ఒక్కటి కూడా లేదు. ఆయన మలుపు తిరిగాడంటే వీధి చివరి దుకాణం దాకా కబురు ముందే చేరిపోయేది, కాటాల కింద దాగిన అయస్కాంతాలు జేబుల్లోకి ఎగిరిపోయేవి. మార్కెట్లో ఆయన పేరు మిల్లీగ్రాము. ముఖాన మాత్రం ఎవరూ అనేవారు కాదు.

ఆయనకి నలభై నాలుగేళ్ళు. పెళ్ళి ఆలస్యంగా అయింది. భార్య హైస్కూల్లో కెమిస్ట్రీ టీచరు, ఆవిడకి ముప్పై తొమ్మిది. ఆరేళ్ళుగా పిల్లల కోసం ఎదురు చూస్తున్నారు. సంతాన కేంద్రంలో రెండుసార్లు ప్రయత్నించారు, రెండుసార్లూ రిక్షా చప్పుడు కూడా వినబడనంత నిశ్శబ్దంగా ఇంటికి తిరిగొచ్చారు. మూడో ప్రయత్నానికి వచ్చే నెల పన్నెండో తేదీ ఇచ్చారు. ఇదే ఆఖరిదని ఇద్దరూ అనుకున్నారు గానీ పైకి అనలేదు.

ఈ ఏడాదిగా ఇన్‌స్పెక్టర్‌కి ఒంట్లో ఏదో తరిగిపోతున్నట్టుగా ఉంది. ఆఫీసులో ఇరవై కిలోల ప్రమాణపు రాయిని ఒకప్పుడు ఒంటిచేత్తో లేపి బల్ల మీద పెట్టేవాడు. ఇప్పుడు రెండు చేతులూ, మధ్యలో ఒక విశ్రాంతీ కావలసి వస్తున్నాయి. మధ్యాహ్నం మూడింటికి ఫైలు మీద సంతకం పెడుతూ అక్షరాల మధ్యలో కునుకు తీశాడు ఒకసారి. ఇంట్లో సంగతి ఇంకా కష్టం. భార్య పక్క సర్దే వేళకి ఆయన నిద్రపోయినట్టు నటించడం మొదలుపెట్టాడు. నటన బాగానే కుదిరింది, నిద్రే పట్టేది కాదు.

సలహా ఇచ్చింది బావమరిది. జిమ్ముకి వెళ్ళే మనిషి, ఆరోగ్యం గురించి అన్నీ తెలిసినవాడు, అడక్కపోయినా చెప్పేవాడు.

"బావా, ఇది టెస్టోస్టెరాన్, అదే మగ హార్మోను, పడిపోవడమే. మూడొందల నుంచి వెయ్యి లోపు ఉండాలి. నాది చూడు, ఆరొందల పన్నెండు! పొద్దున్నే, ఏమీ తినకుండా వెళ్ళి టెస్టు చేయించుకో. తక్కువుంటే మా ట్రైనర్ దగ్గర ఇంజెక్షన్ ఉంది. నెలలో కొత్త మనిషివైపోతావు."

పన్నెండో తేదీకి సరిగ్గా నెల ఉంది. కొత్త మనిషిగా వెళ్ళి భార్య పక్కన నిలబడాలని ఇన్‌స్పెక్టర్ ఆశపడ్డాడు. ఆయన తప్పు ఏదైనా ఉంటే ఇదొక్కటే, ఇదీ ప్రేమకొద్దీ చేసిందే. సోమవారం రాత్రి మూడొందలా, వెయ్యా అనుకుంటూ తెల్లవార్లూ పైకప్పు చూశాడు.

"కాఫీ?" అంది భార్య కప్పు పట్టుకుని.

"బయట తాగుతాలే. తనిఖీ ఉంది."

ఆరేళ్ళలో ఆయన కాఫీ తాగకుండా గుమ్మం దాటింది లేదు. ఆవిడ కప్పు వైపు ఓసారి, తలుపు వైపు ఓసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ల్యాబులో అడుగుపెట్టగానే కౌంటర్ దగ్గర అమ్మాయి లేచి నిలబడి బల్ల కిందనున్న బెల్లు నొక్కింది. లోపల్నుంచి మేనేజరు తెల్లకోటుకి బొత్తాలు పెట్టుకుంటూ పరుగున వచ్చాడు.

"సార్! ఒక్క మాట ముందు చెప్పుంటే..."

"చెప్పి రావడమేంటండీ? రక్తం ఇవ్వడానికొచ్చాను."

మేనేజరు అర్థమైందన్నట్టు తల ఊపాడు. తనిఖీకి వచ్చే అధికారులు మామూలు మనుషుల్లా వస్తారని అతను విన్నాడు. "అలాగే సార్. మామూలు కస్టమర్‌ని చూసినట్టే చూస్తాం సార్" అని ఆయన్ని తీసుకెళ్ళి బరువు చూసే మిషన్ ఎక్కించాడు, దిగమని, రెండోసారి ఎక్కించి అదే అంకె వచ్చిందని చూపించాడు, మిషన్ మీద ముద్ర ఎప్పుడు వేయించారో కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు.

"నాకు ఇవేవీ వద్దు" అని, అటూ ఇటూ చూసి, ఇన్‌స్పెక్టర్ గొంతు బాగా తగ్గించాడు. "టెస్టోస్టెరాన్."

"సార్‌కి టెస్టోస్టెరాన్!" అని మేనేజరు హాలంతా వినబడేలా కేక పెట్టాడు. "దానికి సంబంధించినవన్నీ పెట్టండి! ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్., ఒక్కటి కూడా వదలొద్దు! తర్వాత మాట రాకూడదు!"

హాల్లో కూర్చున్న పదకొండు మందీ తలలు తిప్పి చూశారు. ఇన్‌స్పెక్టర్ చొక్కా చెయ్యి పైకి మడిచి గోడకేసి కూర్చున్నాడు.

ఆయన వెళ్ళిపోయాక మేనేజరు సిబ్బందిని పిలిచి అసలు కష్టం చెప్పాడు. "ఈయన కొలతల మనిషి. మనం ఎప్పట్నుంచో టెస్టోస్టెరాన్‌ని డెసిలీటరుకి ఇన్ని నానోగ్రాములని ఇస్తున్నాం. అది పాత పద్ధతని తప్పు పడితే? అంతర్జాతీయ ప్రమాణంలో ఇచ్చేయండి, లీటరుకి ఇన్ని నానోమోల్స్ అని. ఇంక వేలు పెట్టడానికి చోటుండదు."

ఆ ల్యాబు పుట్టాక ఆ ప్రమాణంలో వెలువడిన మొట్టమొదటి రిపోర్టు అదే. ఈ సంగతి తెలిస్తే ఇన్‌స్పెక్టర్ మెచ్చుకునేవాడు. తెలియలేదు.

సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆయన పెరటి మెట్ల మీదికి వెళ్ళి తీశాడు.

"సార్, టెస్టోస్టెరాన్ పదిహేను పాయింట్ రెండు సార్. అంతా బాగుంది సార్. చాలా బాగుంది."

పద్దెనిమిదేళ్ళుగా ఆయన రోజూ వింటున్న మాట అది. అంతా బాగుంది సార్ అన్న ప్రతి దుకాణంలోనూ కాటా తిరగేసి చూస్తే అడుగున ఏదో ఒకటి అంటించి ఉండేది. భయపడే వాడెవడూ ఇన్‌స్పెక్టర్‌కి నిజం చెప్పడని ఆయనకి బాగా తెలుసు. "థాంక్స్" అని ఫోన్ పెట్టేశాడు. ఉండాల్సింది తక్కువలో తక్కువ మూడొందలు. ఉన్నది పదిహేను. అంటే ఇరవయ్యో వంతు. ఎవరు ఏ అంకె చెప్పినా "దేంట్లో? గ్రాముల్లోనా, కిలోల్లోనా?" అని ఎదురడిగే మనిషి, తన వంతు వచ్చేసరికి ఆ ప్రశ్న అడగడమే మర్చిపోయాడు. రిపోర్టు కాగితం తెచ్చుకోవడానికి మళ్ళీ ఆ హాల్లోకి వెళ్ళే ధైర్యం కూడా ఆయనకి లేకపోయింది.

భోజనాల దగ్గర ఆయన కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

"నాలో ఇంకేమీ మిగల్లేదు" అన్నాడు చివరికి.

"ఏమైందండీ?"

"అడక్కు. నువ్వింకా చిన్నదానివి. నీ ముందు చాలా జీవితం ఉంది. నా కోసం ఆగిపోకు. అంతే."

ఆయన ఉద్దేశం, పిల్లలు కావాలంటే తనని వదిలేసి ఇంకొకర్ని చూసుకోమని. ఆ మాట అంతకంటే స్పష్టంగా అనడానికి ఆయనకి నోరు రాలేదు. చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు మోచేతి మడతలో అంటించిన దూది ఆవిడ కంటపడింది. పొద్దున కాఫీ మానడం, సాయంత్రం పెరట్లో ఫోను, ఈ మాటలు, ఈ దూది. కెమిస్ట్రీ చదివిన మనిషి కదా, నాలుగూ కలిపి చూసింది. ప్రాణం తీసే జబ్బేదో వచ్చిందని తేలింది. ఆయన బాధపడతారని ఏమీ అడక్కుండా కంచాలు తీసింది.

గురువారం స్కూలు నుంచి ఆవిడ రెండు ఫోన్లు చేసింది. మొదటిది ఆయన పై అధికారికి. "సార్, ఆయన చేత ఆ బరువులు మోయించకండి. నేను చెప్పానని అనకండి. ఎన్నాళ్ళుంటారో తెలియదు" అని, ఆ పైన మాట్లాడలేకపోయింది. పై అధికారి ఆ విషయం ఎవరికీ చెప్పనని మాటిచ్చి, ఒక్క గుమాస్తాకే చెప్పాడు. గుమాస్తా కూడా అలాగే ఒక్కడికే చెప్పాడు. మధ్యాహ్నానికి ఆఫీసులో చెప్పడానికి కొత్తవాళ్ళు దొరకక కబురు మార్కెట్లోకి దిగింది.

పై అధికారి ఇన్‌స్పెక్టర్‌ని గదిలోకి పిలిచి, తన చేత్తో కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు.

"నాకు తెలిసింది. మీరేం చెప్పక్కర్లేదు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఎంత నలిగిపోయారో!"

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. "మీకెలా తెలిసింది సార్?"

"తెలుస్తుంది లెండి. మా బాబాయికీ సరిగ్గా మీ వయసులోనే వచ్చింది."

"ఆయన ఏం చేశారు సార్?"

"ఏం చేస్తాడు పాపం, ధైర్యంగా ఉన్నాడు. చివరిదాకా ఆ నవ్వు చెరగలేదు."

ఏ చివరిదాకానో అడిగే ఓపిక ఇన్‌స్పెక్టర్‌కి లేకపోయింది. బయటికొస్తే గుమాస్తాలు లేచి నిలబడ్డారు. ఒకడు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు, ఇంకొకడు ఇరవై కిలోల రాయిని ఆయన కళ్ళ ముందు నుంచి తీసి బీరువాలో దాచేశాడు. ల్యాబు హాల్లో ఉన్న పదకొండు మందిలో ఎవడో నోరు జారాడని ఆయన నిర్ధారించుకున్నాడు.

శుక్రవారం మార్కెట్లో ఇంకా ఘోరం జరిగింది. ఆరేళ్ళుగా ఆయనకి దొరకని పళ్ళ వ్యాపారి, దుకాణం దిగొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాబుగారూ, మీకిలా జరిగిందని తెలిసినప్పట్నుంచీ ముద్ద దిగట్లేదండీ. మీ దగ్గర దాచి పాపం మూటగట్టుకోలేను. నా కాటా కిలోకి ముప్పై గ్రాములు తక్కువ. స్విచ్చి బుట్ట వెనకాల ఉంది."

ఇన్‌స్పెక్టర్ స్విచ్చి సంగతి పట్టించుకోలేదు. "నాకేమైందని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంటి బాబూ, మార్కెట్ అంతా తెలుసు. మగాళ్ళ సంగతి సరే, ఆడవాళ్ళు కూడా ఒకటే బాధపడుతున్నారు. ఎలాంటి మనిషికి ఎలాంటి గతి పట్టిందీ అని."

నిజంగానే ఉల్లిపాయల దగ్గర కూర్చున్న పెద్దావిడ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. అది ఉల్లిపాయల వల్ల కావచ్చునని కూడా ఆయనకి తోచలేదు. సాయంత్రంలోగా మరో నలుగురు వచ్చి తమ దొంగ తూకాలు ఒప్పుకున్నారు. ఉద్యోగంలో చేరాక అంత పని ఒక్కరోజులో జరగడం అదే మొదలు. ఆయన మాత్రం ఒక్క కేసూ రాయలేదు. తలొంచుకుని ఇంటికి నడుస్తూ, బావమరిదికి ఫోన్ చేసి, "ఆ ఇంజెక్షన్ రేపే కావాలి" అన్నాడు.

శనివారం పదింటికి ఆయన జిమ్ముకి వెళ్ళాడు. పదీ పదికి ల్యాబు మేనేజరు ఆయన ఇంటి తలుపు తట్టాడు. ఇన్‌స్పెక్టర్ నాలుగు రోజులైనా రిపోర్టు తీసుకోలేదు. కోపమొచ్చి నోటీసు తయారుచేస్తున్నాడేమోనని మేనేజరు ముందు భయపడ్డాడు. ఆ తర్వాత మార్కెట్ కబురు చెవిన పడింది. దాంతో అసలు భయం పట్టుకుంది.

"మేడమ్, రిపోర్టు మూడుసార్లు చూశాం. అన్నీ నార్మల్‌గానే ఉన్నాయి. సార్ ఎందుకు చనిపోతున్నారో మాకు అర్థం కావడం లేదు" అన్నాడు కవరు చాపుతూ.

ఆవిడ కవరు చింపింది. మొదటి వరసలోనే టెస్టోస్టెరాన్ అని కనబడింది. ఆ మాట ఈ మధ్య ఇంట్లో ఎవరి నోటి నుంచి విందో ఆవిడకి గుర్తు చేసుకోవలసిన అవసరం రాలేదు. ఫోన్ తీసింది.

"ఒరేయ్, మీ బావకి హార్మోన్లంటూ నువ్వేమైనా నూరిపోశావా?"

"అక్కా, నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా! బావ ఇక్కడే ఉన్నాడు. పాపం పదిహేనే ఉందిట. ఇదిగో, ట్రైనర్ మందు సిరంజిలోకి ఎక్కిస్తున్నాడు."

"ఆ సూది ఆయనకి తగిలిందో, నీ వీపు విమానం మోత మోగిపోతుంది. ఆపు!"

మేనేజరు కారులో వెళ్తూ ఆవిడ రిపోర్టు వెనక పెన్నుతో లెక్క వేసింది. పిల్లల చేత ఏటా ఐదు సెక్షన్లలో చేయించే లెక్కే అది. నానోమోల్స్‌ని అణుభారంతో హెచ్చించడం, లీటరుని డెసిలీటరు చేయడం. నాలుగొందల ముప్పై ఎనిమిది వచ్చింది. రెండోసారి వేసింది, అదే వచ్చింది. కారు ఆగేసరికి ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో మేనేజరుకి తెలియలేదు.

జిమ్ములో ఇన్‌స్పెక్టర్ చొక్కా విప్పి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. భార్యని చూసి, ఏం చేయాలో తెలియక, పక్కనున్న చొక్కా అందుకుని ఒళ్ళో పరుచుకున్నాడు. ఆవిడ ట్రైనర్ చేతిలోంచి సిరంజి తీసుకుని మందంతా వాష్‌బేసిన్‌లో పోసేసింది. ట్రైనర్ ఏదో అనబోయాడు గానీ, పదేళ్ళ కిందట తనకి కెమిస్ట్రీ చెప్పింది ఈవిడేనని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

అక్కణ్ణుంచి అందరూ హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆ డాక్టరమ్మ అరవై దాటిన మనిషి. కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని కాగితమంతా చదివింది.

"రక్తం ఎన్నింటికి ఇచ్చారు?"

"ఏడుముప్పావుకండీ."

"అది మంచి పనే. సాయంత్రం తీస్తే తక్కువ చూపిస్తుంది. ముందు రాత్రి నిద్రపోయారా?"

"లేదండీ."

"నిద్ర లేకుండానే ఇంత ఉంది. మరి ఇంజెక్షన్ ఎవరు రాశారు?"

బావమరిది ఫ్యాను వైపు శ్రద్ధగా చూశాడు. డాక్టరు ఆ చూపు సంగతి గ్రహించి కాగితం బల్ల మీద పరిచింది.

"ఈ రెండు వరసలూ చూడండి, ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. తలలో చిన్న గ్రంథి ఒకటుంది, అది కిందికి పంపే ఉత్తర్వులివి. మీకు ఉత్తర్వులు వెళ్తున్నాయి, పని జరుగుతోంది. సూదితో బయటి సరుకు దించితే ఏమవుతుందో తెలుసా? సరుకు నిండుగా ఉంది కదా అని తల ఉత్తర్వులు ఆపేస్తుంది. పనీ ఆగుతుంది, వీర్యకణాలూ ఆగిపోతాయి. మళ్ళీ మొదలవ్వడానికి నెలలు పట్టొచ్చు, ఏళ్ళూ పట్టొచ్చు. కొందరికి పూర్తిగా రాకపోవచ్చు." ఆవిడ ఆగి ఇద్దరినీ చూసింది. "పిల్లల కోసం చూస్తున్నారా?"

"వచ్చే నెల పన్నెండుకి సంతాన కేంద్రంలో మూడో ప్రయత్నమండీ" అన్నాడు ఇన్‌స్పెక్టర్. పదింటికి చొక్కా విప్పినప్పుడు తను ఏ పని చేయబోయాడో ఆయనకి అప్పుడు తెలిసింది. బిడ్డ కోసమని బయలుదేరి, బిడ్డ రాకుండా తలుపు తనే మూయబోయాడు.

"నిజంగా అవసరమైన వాళ్ళకి నేనే రాస్తాను ఆ మందు" అంది డాక్టరు కాస్త మెత్తగా. "వేర్వేరు రోజుల్లో రెండు ఉదయాలు పరీక్ష చేసి, రెండుసార్లూ తక్కువుంటే, ఒంట్లో లక్షణాలుంటే, ఎందుకు తగ్గిందో కనుక్కుని, అప్పుడు. అంతేగానీ ఫోన్లో విన్న అంకె మీద కాదు. వచ్చే నెల పన్నెండు అంటున్నారుగా, దానికి వెళ్ళండి."

"ఆ తేదీ లేదండీ" అంది భార్య.

ఇన్‌స్పెక్టర్ తలెత్తాడు.

"గురువారమే ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. మన చోటు ఇంకొకళ్ళకి ఇచ్చేశారు. మళ్ళీ మూడు నెలల దాకా ఖాళీ లేదట."

"ఎందుకు చెప్పావు?"

"మీరు పోతారనుకున్నాను" అంది ఆవిడ, ఇంకెవరూ లేనట్టుగా ఆయన్నొక్కణ్ణే చూస్తూ. "మీతో ఇంక ఎన్ని రోజులుంటే అన్ని రోజులూ ఇంట్లో మీ పక్కన కూర్చోవాలనిపించింది. పిల్లలు లేకపోతే మానె. మీరే కావాలనిపించింది."

ఇన్‌స్పెక్టర్ మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఏడాదిగా ఆయన తనలో ఏది ఎంత తగ్గిందో లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. ఆవిడ ఆయన్ని ఏ లెక్కా లేకుండా కావాలనుకుంది. మేనేజరు కూడా ఏడ్చాడు, కానీ అతనివి నోటీసు రాదన్న ధైర్యం వల్ల వచ్చిన కన్నీళ్ళు.

డాక్టరు వాళ్ళని కాసేపు వదిలేసి, తర్వాత పెన్ను తీసింది. "మూడు నెలలు ఆగడం మంచిదే. కొత్త కణాలు తయారవడానికి ఎలాగూ రెండున్నర నెలలు పడుతుంది. ఈ నీరసం హార్మోనుది కాదు. ఎన్నాళ్ళైంది మీరు కంటినిండా నిద్రపోయి?"

"ఏడాది" అన్నాడు ఆయన.

"రెండేళ్ళు" అంది భార్య అదే క్షణాన. "నాకూ."

మందుల చీటీలో మందులు లేవు. బుధవారం ఉదయం ఎనిమిదింటికి, ఏమీ తినకుండా, ముందు రాత్రి నిండుగా నిద్రపోయి రెండో పరీక్షకి రావాలని మాత్రం ఉంది. నిండుగా అన్న మాట కింద డాక్టరు రెండు గీతలు గీసింది.

ఆ ఆదివారం నుంచి ఆఫీసులోనూ మార్కెట్లోనూ పరిస్థితి చక్కబడడానికి కొంత సమయం పట్టింది. చావని మనిషికి నేరం ఒప్పుకున్నందుకు పళ్ళ వ్యాపారి మొహం తిప్పుకున్నాడు. పై అధికారికి మాత్రం ఈ మనిషి ఎలా బతికాడో ఎంత చెప్పినా అర్థం కాలేదు.

మంగళవారం రాత్రి తొమ్మిదింటికే ఇద్దరూ డాక్టరు చెప్పినట్టు దీపం ఆర్పేశారు. ఆయన నిద్ర నటించలేదు. ఆవిడ ఒక్కటే అడిగింది, "ఆ రోజు నీ ముందు చాలా జీవితం ఉందన్నారే, దానర్థం ఏమిటి?" అని. ఆయన నిజం చెప్పాడు. ఆవిడకి ముందు ఒళ్ళుమండిపోయింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడాదిగా దాచుకున్న మాటలు ఒకరి తర్వాత ఒకరు చెప్పుకున్నారు. మాటలు ఎక్కడ ఆగాయో వాళ్ళకే తెలియదు. కిటికీ తెల్లబడింది.

ఏడింటికి ల్యాబుకి ఫోన్ చేసింది ఆవిడే. రాత్రి నిద్ర చాలలేదని, అందుకని రక్తం ఇవ్వడానికి ఇవాళ రావడం కుదరదని చెప్పింది. మేనేజరు హడలిపోయి, "సార్ ఆరోగ్యం బాగానే ఉంది కదా మేడమ్?" అన్నాడు.

"పరీక్ష చేయకుండానే చెప్తున్నాను, బాగానే ఉంది" అని పెట్టేసింది.